మైకుకు దగ్గరగా: లెరాయ్ కార్ పాట, పియానో

అందరికీ నమస్కారం.

బ్లూస్, అంటే అమెరికా నల్లవాళ్ళ కష్టసుఖాల పాట, అనగానే చాలామందికి ఒకే బొమ్మ గుర్తొస్తుంది. మిసిసిపీ పత్తిచేల పక్కన చెక్క ఇల్లు, దాని వసారాలో గిటారు పట్టుకున్న నల్లజాతి మనిషి, బొంగురు గొంతు, మాసిన బట్టలు. ఆ బొమ్మ అబద్ధమని అనను. కానీ 1928 నుంచి 1935 దాకా అమెరికాలో నల్లవాళ్ళు తమ డబ్బుతో కొనుక్కుని, ఇంట్లో గ్రామఫోన్ మీద మళ్ళీ మళ్ళీ పెట్టుకున్న గొంతు వేరు. సూటు, టై వేసుకుని నగరంలో పియానో ముందు కూర్చున్న మనిషిది అది. పేరు లెరాయ్ కార్. ఈరోజు అతని గురించే మాట్లాడతాను.

జీవిత చరిత్ర తొందరగా ముగిస్తాను, ఎందుకంటే అది చిన్నది. టెన్నెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో పుట్టాడు. చిన్నప్పుడే తల్లితో పాటు ఇండియానాపోలిస్ వచ్చేశాడు. పియానో ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, విని, చూసి వాయించాడు. టీనేజీలోనే ఒక సర్కస్‌తో ఊళ్ళు తిరిగాడు, కొన్నాళ్ళు సైన్యంలో ఉన్నాడు. మళ్ళీ ఇండియానాపోలిస్ చేరి దొరికిన పని చేశాడు. ఆ పనుల్లో ఒకటి దొంగసారా. మద్యనిషేధం నడుస్తున్న కాలం కాబట్టి సారా, సంగీతం ఒకే గదిలో దొరికేవి. పియానో ఉన్నచోటికి మనుషులు వచ్చేవాళ్ళు, మనుషులు వచ్చినచోట సీసాలు అమ్ముడయ్యేవి. సారాతో అతనికి మొదట ఉన్నది వ్యాపారమో అలవాటో గానీ, చివరికి అదే ప్రాణం తీసింది. ముప్పై ఏళ్ళకు అటూ ఇటూగా పోయాడు.

ఇండియానాపోలిస్ గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. బ్లూస్ చరిత్రలో షికాగో, మెంఫిస్, న్యూ ఓర్లీన్స్ పేర్లు ఎంత వినిపిస్తాయో, ఈ ఊరి పేరు అంత తక్కువ. దక్షిణాది నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన నల్లవాళ్ళ జీవితమంతా ఇండియానా అవెన్యూ అనే వీధి చుట్టూ తిరిగేది. జుట్టు సంరక్షణ సామగ్రి అమ్మి దేశమంతా పేరు తెచ్చుకున్న మేడమ్ సి. జె. వాకర్ కంపెనీ 1927లో ఆ వీధిలోనే పెద్ద భవనం కట్టింది. అందులో థియేటర్ కూడా ఉండేది. సరిగ్గా అదే ఏడాది ఆ నగరంలో నల్లపిల్లల కోసం వేరుగా క్రిస్పస్ అటక్స్ హైస్కూల్ తెరిచారు. వేరుగా అనే మాట గమనించండి. 1920ల్లో ఇండియానా రాష్ట్ర రాజకీయాల మీద కూ క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకార సంస్థ పట్టు అంతా ఇంతా కాదు. అంటే కార్ పాడిన ఊళ్ళో ఒకవైపు నల్లవాళ్ళ వ్యాపారం, సినిమాహాలు, డ్యాన్సులు, మంచి బట్టలు. మరోవైపు, వీధి దాటితే నీ హద్దు ఇదీ అని గుర్తుచేసే ప్రభుత్వం. ఈ మనుషులకి పత్తిచేల పాట పాతబడిపోయింది. ఫ్యాక్టరీలోనో హోటల్లోనో షిఫ్టు దిగి ఇంటికొచ్చాక వినడానికి తమలాంటి గొంతు ఒకటి కావాల్సివచ్చింది.

ఆ గొంతు 1928 జూన్‌లో దొరికింది. వొకేలియన్ రికార్డు కంపెనీ వాళ్ళు పరికరాలు తీసుకుని ఇండియానాపోలిస్ వచ్చారు. కార్ పియానో వాయిస్తూ పాడాడు, పక్కన స్క్రాపర్ బ్లాక్‌వెల్ గిటారు వాయించాడు. పాట పేరు 'హౌ లాంగ్, హౌ లాంగ్ బ్లూస్'. ఆ ఏడాది వచ్చిన పెద్ద బ్లూస్ హిట్లలో అదొకటి. ఎంత హిట్టంటే, అదే బాణీలో చరణాలు మార్చి ఆ డిసెంబరులోనే కొనసాగింపు రికార్డు చేయించారు. సీక్వెల్ తీయడం సినిమావాళ్ళు కనిపెట్టిందేమీ కాదు.

సంగతి చాలా మామూలుది. సాయంత్రం రైలెక్కి ఆమె వెళ్ళిపోయింది. ఎంతసేపయింది, ఇంకా ఎన్నాళ్ళు అని అతను అడుగుతుంటాడు. అంతే. అప్పటికి ఎక్కువగా వినిపించే బ్లూస్ పన్నెండు బార్ల (బార్ అంటే తాళంలో ఒక చుట్టు) చట్రంలో ఉండేది: ఒక పాదం పాడి, దాన్నే మళ్ళీ పాడి, మూడో పాదంతో ముగించడం. ఈ పాట ఎనిమిది బార్లలోనే అయిపోతుంది. చెప్పిన పాదం మళ్ళీ చెప్పడు. రెండు మాటలు అని, ఎన్నాళ్ళు అని అడిగి వదిలేస్తాడు. ఒక్కసారి వింటే మనకే పాడాలనిపిస్తుంది. మడ్డీ వాటర్స్ తను మొట్టమొదట నేర్చుకున్న పాట ఇదేనని, లెరాయ్ కార్ రికార్డు విని నేర్చుకున్నానని చెప్పాడు. తర్వాతి కాలంలో షికాగో ఎలక్ట్రిక్ బ్లూస్‌కి పెద్ద దిక్కు అయినవాడు, మిసిసిపీలో పుట్టి పెరిగినవాడు, తొలి పాఠం నేర్చుకున్నది ఇండియానాపోలిస్ పియానో దగ్గర.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కార్‌లో కొత్తదనం ఏమిటి? నా లెక్కలో జవాబు మైకులో ఉంది.

1925 దాకా రికార్డింగ్‌కి కరెంటు వాడేవాళ్ళు కాదు. ఒక పెద్ద కొమ్ములాంటి గొట్టం ముందు నిలబడి పాడాలి. ఆ ధ్వని బలంతోనే అవతల సూది కదిలి మైనం మీద గీత పడాలి. మెల్లగా పాడితే గీత పడదు. గిటారు సరిగా వినబడదు, పియానో డబ్బా కొట్టినట్టు ఉంటుంది. 1920లో 'క్రేజీ బ్లూస్' పాడి నల్లవాళ్ళ రికార్డుల మార్కెట్‌కి తలుపు తీసిన మేమీ స్మిత్ అయినా, ఆ తర్వాత వచ్చిన బెస్సీ స్మిత్ అయినా గుడారాల్లో, థియేటర్లలో చివరి వరస దాకా మైకు లేకుండా వినిపించగల గొంతులు. బెస్సీ స్మిత్ గొప్పతనంలో ఆ కండబలం ఒక భాగం. 1925లో ఎలక్ట్రిక్ మైకు స్టూడియోకి వచ్చింది. అయినా అప్పటికే పేరున్న గాయనులు చాలామంది ఎదురుగా గుడారం ఉన్నట్టే పాడుతూ పోయారు. మన దగ్గర పౌరాణిక నాటకాల్లో పద్యం ఎత్తుకున్న గొంతుకీ, రేడియో స్టేషన్‌లో లలిత గీతం పాడిన గొంతుకీ ఎంత తేడా ఉందో గుర్తుచేసుకుంటే నేను చెప్పేది అర్థమవుతుంది.

కార్ మైకుని మైకులాగే వాడుకున్నాడు. అరవడు. సాగదీయడు. ప్రతి మాటా విడిగా, తేటగా వినబడుతుంది. గొంతులో కాస్త పొగ, కాస్త అలసట ఉంటాయి గానీ ఏడుపు ఉండదు. జనం ముందు పాడుతున్నట్టు కాదు, రాత్రి పదిన్నరకి పక్క కుర్చీలో కూర్చుని తన గొడవ చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. ఆ రోజుల్లోనే బింగ్ క్రాస్‌బీ తెల్లవాళ్ళ పాటలో ఇలాంటి పనే చేసి అంతకంటే ఎన్నో రెట్లు డబ్బు, పేరు సంపాదించాడు. పరికరం ఇద్దరికీ ఒకటే, మార్కెట్ మాత్రం వేరు.

పియానో సంగతి చూడండి. కార్‌ని గొప్ప పియానిస్టు అనడానికి నాకు కాస్త సంకోచం. 1928 డిసెంబరులో పైన్‌టాప్ స్మిత్ చేసిన బూగీవూగీ, అంటే హుషారు పియానో బాణీ, రికార్డు పక్కన పెట్టి వింటే, కార్ చేతుల్లో విన్యాసం చాలా తక్కువ. ఎడమచెయ్యి ఒకే నడక, తొందరపడదు. కుడిచెయ్యి పాటకి అడ్డం రాదు. కానీ ఆ పొదుపే కావాలి. ఎందుకంటే ఖాళీ అంతా బ్లాక్‌వెల్‌ది. కార్ ఒక పాదం పాడి ఊపిరి తీసుకునేలోపు ఆ గిటారు పైతీగల మీద ఒంటి స్వరాలతో ఒక మాట అంటుంది. గదమాయింపులా ఉంటుంది ఒక్కోసారి. పియానో మెత్తన, గిటారు పదును. చిన్నప్పుడు సిగార్ పెట్టెతో సొంతంగా గిటారు చేసుకున్న మనిషి బ్లాక్‌వెల్. అతనికి దొంగసారా వ్యాపారం బాగానే నడుస్తుండగా రికార్డులెందుకని మొదట ఇష్టపడలేదట. కార్ ఒప్పించాడు. ఒప్పించకపోతే ఆ రికార్డులు ఇన్నేళ్ళు నిలిచేవని నేను అనుకోను. పియానో, గిటారు జంట అనేది ఆ తర్వాత బ్లూస్‌లో ఒక ఫార్ములా అయిపోయింది. ఆ ఫార్ములాలో సగం బ్లాక్‌వెల్‌ది. తన భాగానికి తగిన గుర్తింపు దక్కడం లేదన్న అసంతృప్తి అతనికి ఉండేది. నిజమే కూడా.

పాటల పేర్లు వరసగా చూస్తే నాకు ఒకటి తోస్తుంది. 1932లో 'మిడ్‌నైట్ అవర్ బ్లూస్', 1934లో 'బ్లూస్ బిఫోర్ సన్‌రైజ్', 1935లో 'వెన్ ద సన్ గోస్ డౌన్'. అర్ధరాత్రి, తెల్లవారుజాము, పొద్దుగూకే వేళ. పగలు లేదు. పగలు యజమానిది కదా. పనిచేసే మనిషికి తన కష్టం తను తలచుకునే తీరిక దొరికేది ఈ వేళల్లోనే. కార్ పాటల్లో ఫ్యాక్టరీ కనబడదు, కానీ ఫ్యాక్టరీ నుంచి వచ్చినవాడి గడియారం వినబడుతుంది. ఇది నా ఊహే అనుకోండి, పాటలు విన్నాక మీరే తేల్చండి.

సారా పాటలు కూడా ఉన్నాయి. 1929 నాటి 'స్ట్రెయిట్ ఆల్కీ బ్లూస్' లాంటివి. వాటిలో తాగుడు మీద పశ్చాత్తాపం గానీ ఉపదేశం గానీ ఉండదు. తన పరిస్థితి ఇదీ అని చెప్పి ఊరుకుంటాడు.

ఈలోగా ఆర్థికమాంద్యం వచ్చింది. అమెరికాలో 1927లో పది కోట్ల పైన అమ్ముడైన రికార్డులు 1932 నాటికి అరవై లక్షలకు పడిపోయాయి. చాలామంది బ్లూస్ గాయకుల పని ఆ దెబ్బతో అయిపోయింది. కార్‌కి కూడా మధ్యలో అవకాశాలు తగ్గాయి గానీ కంపెనీలు అతన్ని వదల్లేదు. 1934లో మళ్ళీ వరసగా స్టూడియోకి పిలిచారు. మొత్తం ఏడేళ్ళలో వందకు పైగా పాటలు రికార్డు చేశాడు. అన్నీ గొప్పవి కావు. కొన్ని ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. మూడు నిమిషాల రికార్డులు నెలనెలా కావాలంటే అలాగే వస్తాయి.

చివరి సెషన్ 1935 ఫిబ్రవరిలో, బ్లూబర్డ్ కంపెనీకి. అక్కడ డబ్బుల దగ్గర గొడవ వచ్చింది. ఏడేళ్ళు పక్కపక్కన కూర్చున్న ఇద్దరూ మాటామాటా అనుకుని, కోపంతో విడిపోయారు. ఆ సెషన్‌లో బ్లాక్‌వెల్ లేకుండా కార్ ఒక్కడే చేసిన పాటల్లో 'సిక్స్ కోల్డ్ ఫీట్ ఇన్ ద గ్రౌండ్' ఒకటి. తను మట్టిలో ఉన్నాక తలచుకోమని అడిగే పాట. ఏప్రిల్ 29న ఇండియానాపోలిస్‌లో చనిపోయాడు. తాగుడుతో మూత్రపిండాలు పాడయ్యాయి. కబురు బ్లాక్‌వెల్‌కి ఫోన్‌లో తెలిసింది. కొద్దిరోజుల్లోనే పాత నేస్తం మీద ఒక పాట రికార్డు చేసి, ఆ తర్వాత సంగీతం మానేశాడు.

కార్ పోయినా మార్కెట్ అతన్ని పోనివ్వలేదు. బంబుల్‌బీ స్లిమ్ అనే గాయకుడు అతని మరణం మీదే పాట కట్టి రికార్డు చేశాడు. బిల్ గేథర్ అనే గాయకుడు ఏకంగా 'లెరాయ్స్ బడ్డీ' అనే పేరుతో రికార్డులు విడుదల చేశాడు. అంటే లెరాయ్ నేస్తం. ఆ మాట చూసే కొనేవాళ్ళు ఉన్నారన్నమాట. పశ్చిమ తీరంలో నాట్ కింగ్ కోల్, చార్ల్స్ బ్రౌన్ లాంటి పియానో గాయకులు గొంతు పెంచకుండా పాడటం కొనసాగించారు. వాళ్ళని అనుకరిస్తూ కుర్రవాడైన రే చార్ల్స్ మొదలుపెట్టాడు. ఈ వరసలో ఒక్కొక్కరినీ వింటే కార్ ఎక్కడున్నాడో చెవికి తెలుస్తుంది.

ఇక మిసిసిపీ గిటారు గాయకుడు రాబర్ట్ జాన్సన్. ఈ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. నాలుగురోడ్ల కూడలిలో దెయ్యానికి ఆత్మ అమ్ముకున్నాడన్న కథ కూడా వినే ఉంటారు. 1937 జూన్‌లో డల్లాస్‌లో అతను రికార్డు చేసిన 'లవ్ ఇన్ వెయిన్' పాటకు బాణీ కార్ 'వెన్ ద సన్ గోస్ డౌన్' నుంచి వచ్చింది. రైలు, స్టేషను, వెళ్ళిపోతున్న ఆమె, చూస్తూ నిలబడిన అతను: ఇదంతా 'హౌ లాంగ్' ఇంటి సరుకే. జాన్సన్‌ని తక్కువ చేయడానికి చెప్పడం లేదు, ఆ పాట అద్భుతం. కానీ అతనికి కావాల్సిన పాఠం దెయ్యం దగ్గర కాదు, కొట్లో అమ్మే రికార్డుల్లో దొరికింది.

మరి జాన్సన్ పేరు అందరికీ తెలిసి, కార్ పేరు ఎందుకు తెలియదు? 1961లో కొలంబియా కంపెనీ జాన్సన్ పాటలతో ఎల్పీ వేసింది. 1962లో అదే కంపెనీ కార్ పాటలతోనూ ఎల్పీ వేసింది. మొదటిది ఇంగ్లండ్ కుర్ర గిటారిస్టుల చేతికి చేరి ఒక తరాన్ని తయారుచేసింది. రెండోదాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. ఆ కాలపు తెల్లజాతి అభిమానులు వెతికింది పల్లెటూరి గిటారుని, గరుకు గొంతుని, రహస్యాన్ని. కార్ దగ్గర రహస్యం లేదు. నల్లవాళ్ళ పేటల్లో పాపులర్ స్టార్ అతను, నున్నటి గొంతు, ఇస్త్రీ సూటు. పైగా పియానో. గిటారైతే భుజాన వేసుకుని ఎవరైనా జాన్సన్‌లా అయిపోవచ్చు, పియానోతో అది కుదరదు. నల్లవాళ్ళు ఏది ఇష్టపడ్డారన్నది కాకుండా, నల్లవాళ్ళు ఎలా ఉంటే తమకు నచ్చుతుందో చూసుకుని రాసిన చరిత్ర అది. నాకు కోపం తెప్పించేది ఇదే.

అదే 1962లో బ్లాక్‌వెల్ కథా ముగిసింది. 1950ల చివర్లో కొందరు రికార్డింగ్ అభిమానులు అతన్ని ఇండియానాపోలిస్‌లోనే వెతికి పట్టుకున్నారు. మళ్ళీ వాయించాడు, ఒక మంచి ఆల్బమ్ కూడా వచ్చింది. మళ్ళీ నిలదొక్కుకుంటున్న సమయంలో, ఆ ఊరి సందులోనే ఎవరో తుపాకితో కాల్చి చంపారు. జానపద, బ్లూస్ ఉత్సవాల్లో పాతతరం కళాకారులకి పెద్ద వేదికలు దొరికిన రోజులు అప్పుడప్పుడే మొదలవుతున్నాయి.

బ్లూస్ ఫౌండేషన్ వాళ్ళు 1982లో కార్ పేరుని హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. 1994లో ఇంగ్లండ్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ బ్లూస్ పాటలతో చేసిన 'ఫ్రమ్ ద క్రేడిల్' ఆల్బమ్ మొదలయ్యేది కార్ 'బ్లూస్ బిఫోర్ సన్‌రైజ్' తోనే. 'హౌ లాంగ్' కూడా అందులో ఉంది. క్లాప్టన్ గొంతు చించుకుని పాడతాడు. తప్పేం కాదు గానీ, కార్ చేసిన పని సరిగ్గా దానికి ఎదురు.

ఇప్పుడు రెండు రికార్డులు వినిపిస్తాను. ముందు 1928 నాటి 'హౌ లాంగ్', తర్వాత 'వెన్ ద సన్ గోస్ డౌన్'. గరగర శబ్దం ఉంటుంది, మొదటి అర నిమిషం ఓపిక పట్టండి. మొదటి పాటలో పియానోని వదిలేసి గిటారు ఎక్కడ ప్రవేశిస్తుందో చూడండి. రెండో పాటలో ఏ పాదం దగ్గరా అతను గొంతు పెంచడు, అది గమనించండి. ప్రశ్నలు ఆ తర్వాత తీసుకుంటాను.