ఇప్పపూలు రాలే కాలంలో

సభకు నమస్కారం.

సంక్రాంతి దాటాక చర్ల, దుమ్ముగూడెం వైపు వెళితే మిరప చేలల్లో వంగి కాయలు కోస్తున్న మురియా తెగ ఆడవాళ్లు కనిపిస్తారు. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ నుంచి కూలికి రావడం, కోతలయ్యాక వెళ్లిపోవడం వాళ్లకు పాత అలవాటే. అందుకే 2005 తర్వాత వచ్చినవాళ్లు తిరిగి వెళ్లకపోయినా మనం పట్టించుకోలేదు. కూలీలే కదా అనుకున్నాం.

ఆ ఏడాది జూన్‌లో అప్పటి దంతెవాడ జిల్లాలో మావోయిస్టుల మీదికి ప్రభుత్వ అండతో సల్వా జుడుం మొదలైంది. ప్రభుత్వం దానికి పెట్టిన ముద్దుపేరు శాంతి ఉద్యమం. ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించి జనాన్ని రోడ్డు పక్క శిబిరాలకు తోలారు. అలా ఖాళీ అయిన ఊళ్లు 644 అని లెక్క చెబుతారు. శిబిరానికి వెళ్లనివాడిని మావోయిస్టు అన్నారు. వెళ్లినవాడు మావోయిస్టుల దృష్టిలో ద్రోహి అయ్యాడు. 2006 జులైలో ఎర్రాబోర్ శిబిరం మీద మావోయిస్టులు దాడి చేసి 30 మంది దాకా చంపారు. ఈ సంగతి దాటవేసే సభలు నాకు నచ్చవు. ఈ రెండు తుపాకుల మధ్య నలిగిన వేలాదిమంది పిల్లల్ని చంకనేసుకుని అడవి దారుల్లో నడిచి, అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల్లోకి వచ్చారు.

2011 జులై 5న సుప్రీంకోర్టులో మన జస్టిస్ సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్‌ల ధర్మాసనం, గిరిజన యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులుగా దించడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. గొప్ప తీర్పు. అప్పటికి ఇక్కడి గుడిసెల్లో పుట్టిన పిల్లలకు ఐదేళ్లు నిండాయి.

దేశం సరిహద్దు దాటితే శరణార్థి అంటారు. సొంత దేశంలోనే చెల్లాచెదురైనవారి కోసం ఐక్యరాజ్యసమితి 1998లో మార్గదర్శక సూత్రాలు రాసింది. మన దగ్గర వాళ్లకంటూ ఒక చట్టమే లేదు. ఛత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డు తెగవాడు ఇటు అడుగుపెట్టగానే వలస వచ్చిన ‘గుత్తికోయ’ అవుతాడు, అటవీశాఖ కాగితంలో ఆక్రమణదారు అవుతాడు. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో పోడు గొడవలో ఒక ఫారెస్టు రేంజర్ దారుణంగా హత్యకు గురయ్యారు. ఆ నేరానికి శిక్ష పడాల్సిందే. దాన్ని చూపించి గూడేలన్నింటినీ వెళ్లగొట్టమనడం మాత్రం ఏ న్యాయం?

అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న భూమికే పట్టా ఇస్తుంది. అక్రమంగా వెళ్లగొట్టిన గిరిజనులకు ప్రత్యామ్నాయ భూమి ఇవ్వాలని అందులోనే 3(1)(ఎం) సెక్షన్ ఉంది. హమ్మయ్య అనుకుని చదివితే, అక్కడా అదే తేదీ. ఆ రోజుకు ముందే వెళ్లగొట్టి ఉండాలి.

ఒకసారి ఈ పట్టాల దరఖాస్తులు నింపడానికి ఒక గూడేనికి వెళ్లాను. బోరు లేదు. వాగు ఇసుకలో చెలమ తవ్వి, చిప్పతో తోడి కుండ నింపుతోంది ఒక ముసలమ్మ. ‘ఎప్పుడు వచ్చావమ్మా?’ అని కోయ కుర్రాడి చేత అడిగించాను. ఏ సంవత్సరమో ఆమెకు తెలియదు. జుడుం వాళ్లు ఊరు తగలబెట్టిన ఏడాదే, ఇప్పపూలు రాలే కాలంలో బయలుదేరామంది.

ఇప్పపూలు రాలేది మార్చి, ఏప్రిల్ నెలల్లో. జుడుం మొదలైంది జూన్‌లో. అంటే ఎంత తొందరగా చూసినా 2006. నేను లెక్క వేసుకుంటుంటే, రాశావా అన్నట్టు నా కాగితం వైపు చూసింది. తేదీ గడి ఖాళీగా వదిలి కింది గడికి వెళ్లాను.