మీ అద్దె మింగేది ఓనర్ కాదు, మీ రూమ్మేటే!

శాన్ ఫ్రాన్సిస్కోలో షేరింగ్‌లో ఉండేవాళ్లని దోచేది ఓనర్ కాదు, లీజు తన పేరు మీద పెట్టుకున్న రూమ్మేట్ అని పోయిన వీడియోలో అన్నాను. కామెంట్లలో ఒకటే తిట్లు. "మనవాళ్ల మీదే పడతావేంటన్నా" అని. పడతాను. ఇవాళ ఇంకా గట్టిగా పడతాను.

ఒక లెక్క చెప్తా, వినండి. పాత బిల్డింగ్‌లో మూడు బెడ్‌రూములు. ఒకాయన ఎప్పుడో పదిహేనేళ్ల కింద తీసుకున్నాడు. రెంట్ కంట్రోల్, అంటే ఓనర్ ఏటా ఇంతకి మించి అద్దె పెంచకూడదన్న రూల్, ఉంది కాబట్టి ఇప్పటికీ ఓనర్‌కి కట్టేది 3,000 డాలర్లే అనుకుందాం. మిగతా రెండు గదుల్లో కొత్తగా వచ్చిన ఇద్దరు తమ్ముళ్లని పెట్టి, తలా 1,600 తీసుకుంటున్నాడు. మొత్తం 3,200! ఆయన ఫ్రీగా ఉంటున్నాడు, పైన 200 మిగులు. ఓనర్ ఎక్కడ దోచాడు చెప్పండి? 2025 మార్చి నుంచి 2026 ఫిబ్రవరి దాకా ఓనర్ పెంచగలిగింది 1.4 శాతం. 3,000 మీద 42 డాలర్లు, అంతే!

రూమ్మేట్ ఇలా తీసుకోవడం చట్టం ఒప్పుకోదు. అక్కడి రెంట్ ఆర్డినెన్స్, అంటే ఆ ఊరి అద్దె చట్టం, 1979 నుంచి ఉంది. లీజున్నవాణ్ని మాస్టర్ టెనెంట్ అంటారు. ఓనర్‌కి తను ఎంత కడుతున్నాడో, మీరు చేరకముందే కాగితం మీద రాసివ్వాలి. మీ వాటాకి మించి తీసుకోకూడదు. గది పెద్దదైతే కొంచెం ఎక్కువ ఉండొచ్చు, కానీ తన వాటా కూడా మీ నెత్తిన రుద్దకూడదు. తీసుకుంటే మీరు రెంట్ బోర్డులో, అంటే అద్దె గొడవలు చూసే సిటీ ఆఫీసులో, పిటిషన్ వేయొచ్చు. మనవాళ్లలో ఎంతమంది అడిగారు ఆ కాగితం? ఊరి పేరు కలిసింది, అన్నం పెట్టాడు, ఎయిర్‌పోర్ట్‌కి వచ్చాడు, ఇంకేం అడుగుతాం అని ఊరుకుంటాం. అన్నం పెట్టిన చెయ్యే జేబులో పడితే నాకు ఒళ్లు మండుతుంది!

"నేను పోతే మీకు మార్కెట్ రేటు పడుతుంది" అని బెదిరిస్తాడు చూడండి, అందులో నిజముంది. 1995లో కాలిఫోర్నియా తెచ్చిన కోస్టా-హాకిన్స్ చట్టం వల్ల, మొదట లీజు తీసుకున్నవాళ్లంతా వెళ్లిపోతే, తర్వాత వచ్చినవాళ్లకి అద్దె పెంచుకునే దారి ఓనర్‌కి దొరుకుతుంది. దాన్ని మార్చాలని 2018, 2020, 2024లో ఓటింగ్ పెట్టారు, మూడుసార్లూ ఓడిపోయింది. నన్నడిగితే రూమ్మేట్‌ని చిన్న జమీందారుని చేసింది ఈ చట్టమే.

ఒక్క జాగ్రత్త. కారణం చెప్పకుండానే ఖాళీ చేయించొచ్చని మాస్టర్ టెనెంట్ చేరేముందే మీకు రాసిచ్చి ఉంటే, ఆ పని ఆయన చేయగలడు. అందుకే గొడవకి దిగకముందు మీ దగ్గరున్న కాగితాలన్నీ బయటకి తీయండి, కట్టిన డబ్బుకి స్క్రీన్‌షాట్లు దాచుకోండి. తర్వాత ఈ రాత్రే అడగండి: "అన్నా, ఓనర్‌కి నువ్వు కట్టేదెంత?" ఏం చెప్పాడో కింద కామెంట్‌లో రాయండి, ఒక్కోటీ చదువుతాను.