సూట్‌కేసులో మాత్రలు సర్దుతున్న అమ్మలకు

అందరికీ నమస్కారం. సెలవులకు అనంతపురం వచ్చాను. ఈ రోజు గుళ్లూ హోటళ్లూ ఏమీ లేవు, సాయినగర్‌లో మా పక్కింటి అత్త సర్దుతున్న సూట్‌కేసు చూపిస్తాను. వాళ్ల అబ్బాయి ఆగస్టులో ఎంఎస్‌కు అమెరికా వెళుతున్నాడు. కందిపొడి, ఊరగాయల పక్కన జ్వరానికీ గ్యాస్‌కూ మాత్రల స్ట్రిప్పులు, వాటికి రబ్బరు బ్యాండుతో చుట్టిన డాక్టరు చీటీ. పద్ధతంటే ఇదీ!

"ఇవి అయిపోతే ఎలా అత్తా?" అన్నాను.

"రూములో పిల్లలుంటారు కదమ్మా, ఎవరో ఒకరు ఇస్తారులే."

నా భయమంతా ఆ మాటతోనే. ఇక్కడ మాత్ర అంటే రేకు మీద కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు ఉంటాయి. అక్కడ మందుల షాపులోనే లెక్కపెట్టి, విడి మాత్రలు నారింజరంగు డబ్బాలో పోసి ఇస్తారు. అందుకే ఎవరైనా అరచేతిలో విడి మాత్ర పెడితే కొత్తగా వెళ్లిన పిల్లలకు అది నకిలీదేమో అన్న అనుమానమే రాదు.

నీలంగా, గుండ్రంగా, ఒకవైపు గడిలో ఎం, రెండోవైపు 30. చూడటానికి అచ్చం ఆక్సీకోడోన్ అనే నొప్పి మాత్రే. నకిలీదైతే లోపల ఉండేది ఫెంటనిల్ అనే మత్తుమందు. అది మార్ఫిన్ కంటే దాదాపు 100 రెట్లు బలమైనది, 2 మిల్లీగ్రాములు చాలు ప్రాణం తీయడానికి. దొంగచాటుగా కలిపేవాళ్లకు కొలత ఎక్కడిది? సగం విరిచి వేసుకున్నా ఆ సగంలోనే అంతా ఉండవచ్చు. నిద్రకనీ, పరీక్షల ముందు మెలకువకనీ ఫోనులో అమ్మే జానాక్స్, ఆడెరాల్ మాత్రలకూ నకిలీలున్నాయి. అమెరికా మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ 2023లో పరీక్షించిన ఫెంటనిల్ నకిలీ మాత్రల్లో 10కి 7, 2024లో 10కి 5 ప్రాణాంతక మోతాదువే. తగ్గిందని సంతోషించాలా? 10కి 5 అంటే బొమ్మా బొరుసే.

"మా వాడు సిగరెట్టు కూడా ముట్టడు" అన్నారు అత్త. నిజమే, కానీ పార్ట్‌టైమ్ పనిలో నడుము పట్టేస్తే మాత్ర అడగడానికి వ్యసనం అక్కర్లేదు.

బాబూ, నీకు చెప్పేది ఇదే. నీ పేరు మీద షాపువాళ్లు ఇచ్చిన మందు తప్ప ఇంకేదీ మింగకు. 2023లో చీటీ లేకుండా అమ్మడానికి అనుమతి వచ్చిన, ఫెంటనిల్ లాంటి వాటి ప్రభావాన్ని విరిచే నాలోక్సోన్ ముక్కు స్ప్రే ఒకటి రూములో పెట్టుకో. ఎవరైనా పిలిచినా పలకకుండా, ఊపిరి గురకలా ఆగి ఆగి వస్తూ, పెదవులు నీలిబడితే వెంటనే అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోను చెయ్యి, ముక్కులో స్ప్రే కొట్టు. రెండు మూడు నిమిషాల్లో కదలిక లేకపోతే ఇంకో డోసు. లేచి కూర్చున్నా వదిలి వెళ్లకు. స్ప్రే ప్రభావం తగ్గాక ఊపిరి మళ్లీ ఆగవచ్చు.