రూపాయి అనుకుని పిన్ కొడితే

అందరికీ నమస్కారమండీ. నేను 30 ఏళ్లు బ్యాంకులో పనిచేశాను. అయినా ఈ సబ్‌స్క్రిప్షన్ కోతల సంగతి నాకు పూర్తిగా తెలిసొచ్చింది మా అక్క పాస్‌బుక్ చూశాకే. అక్కది గుంటూరు, బ్రాడీపేట. సంక్రాంతికి వెళితే పాస్‌బుక్ నా చేతిలో పెట్టి, "ఒరేయ్ తమ్ముడూ, నెలనెలా ఈ 299 ఏంట్రా? మీ బ్యాంకువాళ్లే కోస్తున్నారా?" అంది. లెక్కపెట్టాను. 14 నెలలు. 4,186 రూపాయలు. పెన్షన్ మీద బతికే మనిషికి అది దాదాపు రెండు నెలల మందుల ఖర్చు.

జరిగిందేమిటంటే, ఫోన్లో స్తోత్రాలు వినిపించే ఒక యాప్ వేసుకుంది. మొదటి వారం రూపాయే అన్నారు. రూపాయే కదా అని యూపీఐ పిన్ కొట్టింది. ఆ తెరమీదే కింద చిన్న అక్షరాల్లో నెలకోసారి అని, ఫలానా మొత్తం దాకా అని, ఫలానా సంవత్సరం వరకు అని ఇంగ్లీషులో ఉంది. అంటే ఆవిడ కట్టింది రూపాయి, ఒప్పుకున్నది ఏళ్ల తరబడి ఆటోపే, అంటే మళ్లీ అడగకుండా నెలనెలా ఖాతాలోంచి డబ్బు తీసుకునే ఏర్పాటు. మూడో నెలలో యాప్ తీసేసింది. దాంతో అయిపోయిందనుకుంది. యాప్ తీసేస్తే ఆటోపే ఆగదండీ. ఈ ఒక్క ముక్క మీ వీధిలో పదిమందికి చెప్పండి చాలు. ఆటోపే బ్యాంకుకూ కంపెనీకీ మధ్య నడుస్తుంది, ఫోన్లో యాప్ ఉన్నా లేకపోయినా.

"ముందే ఎందుకు చెప్పలేదక్కా?" అంటే, "పిల్లలు తిడతారని" అంది. నాకు బాధేసింది. మోసపోయిన మనిషి తలదించుకోవడమేమిటి?

2021 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నియమం ఒకటి అమల్లో ఉంది. కార్డు నుంచి గానీ యూపీఐ నుంచి గానీ ఇలా నెలనెలా డబ్బు తీసేముందు కనీసం 24 గంటల ముందు మీకు కబురు రావాలి. ఎవరు తీస్తున్నారు, ఎంత, ఎప్పుడు అన్నది అందులో ఉండాలి. వద్దనుకుంటే ఆపేసే వీలూ ఇవ్వాలి. మామూలు సబ్‌స్క్రిప్షన్లలో 15,000 రూపాయల దాకా మళ్లీ పిన్ అడగకుండానే తీసుకోవచ్చు కాబట్టి, ఆ ముందస్తు మెసేజే మన చేతిలో ఉన్న తాళం. అక్క ఫోన్లో వెతికాను. 14 మెసేజీలూ ఉన్నాయి, అన్నీ ఇంగ్లీషులో, లోన్ ఆఫర్ల మధ్య. ఒక్కటీ తెరవలేదు. తెలుగు చదివే మనిషికి తెలుగులో చెప్పకపోతే అది చెప్పినట్టు ఎలా అవుతుందన్నది నా ప్రశ్న. బ్యాంకువాళ్లను మనం గట్టిగా అడగాల్సిన విషయం ఇది.

ఇక డబ్బు వెనక్కి తెచ్చుకునే సంగతి. మొదట కోత ఆపండి. మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోటుకు వెళితే నడుస్తున్నవన్నీ కనిపిస్తాయి, రద్దు అక్కడే చేయొచ్చు. గూగుల్ ప్లే ద్వారా కట్టినదైతే ప్లే స్టోర్‌లో పేమెంట్స్, సబ్‌స్క్రిప్షన్స్ అన్నచోట రద్దు చేయాలి. ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో మీ పేరు నొక్కితే దొరుకుతుంది. రద్దయినట్టు వచ్చిన తెరను ఫొటో తీసి దాచుకోండి. గూగుల్ ప్లేలో కట్టి 48 గంటలు దాటకపోతే అక్కడే రిఫండ్ అడగొచ్చు. దాటితే యాప్ కంపెనీనే అడగాలి.

అడిగేది ఫోన్లో కాదు, రాతపూర్వకంగా. తేదీలు, మొత్తాలు, లావాదేవీ నంబర్లు, ఎప్పటినుంచి వాడటం లేదు, ఎంత వెనక్కి కావాలి, అంతే. కోపం అక్కర్లేదు. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడిని మన ఒప్పుదలగా చూపడం కూడా ఆ నియమాలకు విరుద్ధం. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 13 రకాల మాయ పద్ధతులను నిషేధించింది. సబ్‌స్క్రిప్షన్ ఉచ్చు అందులో ఒకటి. రద్దు చేసే దారి దాచడం, రద్దును చాంతాడంత చేయడం, ఉచితమని చెప్పి ఆటో డెబిట్‌కు వివరాలు గుంజడం, ఇవన్నీ అందులోకే వస్తాయి. మీ లేఖలో ఈ మాట రాయండి.

కంపెనీ పలకకపోతే 1915కు ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. కంపెనీ బెంగళూరులో ఉన్నా మీరు ఉన్న జిల్లాలోనే వేయొచ్చు. రెండేళ్లలోపు వేయాలి. బ్యాంకు తన పని చేయకపోతే, అంటే రద్దు చేశాక కూడా డబ్బు పోతుంటే, ముందు బ్యాంకుకు రాసి, 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయండి. పైసా ఖర్చు ఉండదు.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. మీరే పిన్ కొట్టినదాన్ని "నేను చేయలేదు" అని బ్యాంకులో రాయకండి. మీకసలు సంబంధం లేని కోతైతే అది వేరే దారి. మూడు పనిదినాల్లో బ్యాంకుకు చెబితే, తప్పు మీది కానప్పుడు నష్టం మీ మీద పడదు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ చెప్పండి. ఇంకొకటి, రిఫండ్ కోసం కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతక్కండి. అక్కడ కాచుక్కూర్చున్నవాళ్లు "స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు పడుతుంది" అంటారు. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు.

అక్కకు ఏమైందంటే, లేఖకు జవాబుగా ఒక నెల డబ్బు ఇస్తామన్నారు. ఒప్పుకోవద్దన్నాను. 1915లో నమోదు చేశాక ఆరు నెలలది పడింది, 1,794 రూపాయలు. మిగతాదానికి కమిషన్‌లో వేయడానికి కాగితాలు సిద్ధం చేస్తున్నాం. ఈసారి పిల్లలకు అక్కే చెప్పింది. కోడలే కూర్చుని తేదీలన్నీ రాసిపెట్టింది.

ఇప్పుడు అందరూ ఫోన్లు తీసి ఆటోపే తెరవండి. అది ఎక్కడుందో కనపడనివాళ్లు నా దగ్గరికి రండి, ఒక్కొక్కరివీ చూద్దాం. పిన్ మాత్రం మీరే కొట్టండి, నాకు కూడా చెప్పొద్దు.