కళ్లారా చూశామంటే సరిపోతుందా?

అందరికీ నమస్కారం. ఇక్కడున్నవాళ్లలో అతీంద్రియ శక్తులు ఉన్నాయని గట్టిగా నమ్మేవాళ్లు కొందరు ఉంటారు, అదంతా ఒట్టి మోసం అని కొట్టిపారేసేవాళ్లూ ఉంటారు. నేను నమ్మను. కానీ ఆ 'ఒట్టి మోసం' అనే మాటతో నాకు పేచీ ఉంది. ఈ నమ్మకాల్లో చాలా భాగం ఎవరూ ఎవరినీ మోసం చేయకుండానే పుడతాయి. నమ్మినవాళ్లని వెర్రివాళ్లు అనేస్తే, మన దాకా వచ్చినప్పుడు మనమూ అలాగే పడిపోతాం.

1853 నాటి సంగతి చెప్తాను. అప్పట్లో యూరప్ అంతా బల్లలు కదిలించే పిచ్చి పట్టుకుంది. నలుగురు బల్ల చుట్టూ కూర్చుని దాని మీద చేతులు ఆనిస్తారు, కాసేపటికి బల్ల దానంతటదే కదులుతుంది, ఒరుగుతుంది. ఆత్మలు అన్నారు, కొత్త రకం విద్యుత్తు అన్నారు. విద్యుత్తు అనేసరికి జనం విద్యుత్తు మీద పరిశోధనలు చేసిన శాస్త్రవేత్త మైకేల్ ఫారడేని అడగడం మొదలుపెట్టారు. ఆయన ఎవరినీ తిట్టలేదు. నిజాయితీపరులు అని తనకి నమ్మకం ఉన్నవాళ్లనే పిలిచి కూర్చోబెట్టాడు. చేతికీ బల్లకీ మధ్య అట్టముక్కల దొంతర పెట్టాడు, వాటి మధ్య మెత్తగా జారే జిగురు రాశాడు. బల్లే ముందు కదిలితే కింది అట్ట ముందు జరగాలి కదా? కానీ అన్నిటికన్నా ఎక్కువ జరిగింది పైది, అంటే చేతి కిందున్నది. తర్వాత చెయ్యి ఏ కాస్త పక్కకి నెట్టినా చూపించేలా పొడుగాటి గడ్డిపరకని ముల్లులా అమర్చాడు. ఆ ముల్లు వాళ్లకి కనపడనంత సేపూ బల్ల కదిలింది, కనపడేలా పెట్టగానే ఆగిపోయింది. వాళ్లెవరూ కావాలని నెట్టలేదు, మేం నెట్టలేదు అని ఒట్టేసి చెప్పగలరు, అది అబద్ధమూ కాదు. మనం ఎదురుచూస్తున్న కదలికని మన కండరాలే మనకి తెలియకుండా చేసేస్తాయి. "నేను స్వయంగా అనుభవించాను" అని ఎవరైనా అన్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చేది ఆ గడ్డిపరకే.

సరే, చదువుకున్నవాళ్లు పరీక్ష పెడితే మోసం బయటపడుతుంది కదా అంటారు. అక్కడే అసలు చిక్కు.

అమెరికాలో సెయింట్ లూయిస్‌లో ఉన్న వాషింగ్టన్ యూనివర్సిటీలో అతీంద్రియ శక్తుల పరిశోధన కోసం ఒక ల్యాబ్ పెట్టారు. విమానాల కంపెనీ అధినేత మెక్‌డొనెల్ దానికి 5 లక్షల డాలర్లు ఇచ్చాడు. నడిపినాయన పీటర్ ఫిలిప్స్, ఫిజిక్స్ ప్రొఫెసర్. మాకు శక్తులున్నాయి అంటూ ఇద్దరు కుర్రాళ్లు అక్కడికి వెళ్లారు, స్టీవ్ షా, మైకేల్ ఎడ్వర్డ్స్. ఇద్దరూ ఇంద్రజాలం నేర్చుకున్నవాళ్లే, వాళ్లని పంపింది జేమ్స్ రాండీ అనే ఇంద్రజాలికుడు. 1979 నుంచి దాదాపు మూడేళ్లపాటు వాళ్లు చెంచాలు వంచారు, ఫ్యూజులు కాలిపోయేలా చేశారు, మూసిన కవర్లలో ఏ బొమ్మ ఉందో చెప్పారు. ఎలా చేశారో వింటే ఇంతేనా అనిపిస్తుంది. ల్యాబ్‌వాళ్లు చెంచాలకి దారంతో చీటీలు కట్టి, ఒక్కోదాని కొలత ముందే రాసి, అన్నీ కలిపి ఒకే బల్ల మీద పెట్టేవారు. ఈ కుర్రాళ్లు రెండు చీటీలు అటూఇటూ మార్చేసేవారు, అంతే. తర్వాత కొలిస్తే కొలతలు తేడాగా వచ్చేవి, అది మనశ్శక్తి అయిపోయింది. కవర్లకి వేసిన స్టేపుల్ పిన్నులని గోళ్లతో లాగి, లోపల చూసి, మళ్లీ అవే రంధ్రాల్లో దూర్చేసేవారు.

రాండీ ఈ పని మొదలవ్వకముందే ఫిలిప్స్‌కి ఉత్తరం రాశాడు. ఏయే జాగ్రత్తలు తీసుకోవాలో అందులో వివరంగా చెప్పాడు, కావాలంటే నేనొచ్చి చూస్తాను అని కూడా అన్నాడు. వాళ్లు మొదట్లో ఆ మాట చెవిన పెట్టలేదు. కుర్రాళ్లకి కూడా రాండీ ఒక షరతు పెట్టాడు: మీరు మోసం చేస్తున్నారా అని ఎవరైనా సూటిగా అడిగితే ఆ క్షణమే ఒప్పేసుకోండి, మమ్మల్ని రాండీ పంపాడని చెప్పేయండి. ఎవరూ అడగలేదు! తర్వాత ల్యాబ్‌లో రూల్స్ బిగించారు, బిగించేకొద్దీ వీళ్ల శక్తులు తగ్గుతూ వచ్చాయి. 1983లో రాండీ విలేకరులని పిలిచి మొత్తం బయటపెట్టాడు.

కుర్రాళ్లు అబద్ధమాడి సైంటిస్టుల టైమ్ వృథా చేయడం న్యాయమా అని అప్పుడే చాలామంది అడిగారు, ఆ ప్రశ్న నాకూ సబబుగానే అనిపిస్తుంది. కానీ నేర్పిన పాఠం మాత్రం చాలా పెద్దది. సైంటిస్టుకి ప్రకృతితో పని, ప్రకృతి చీటీలు మార్చదు. మనిషి మారుస్తాడు, దాన్ని పట్టుకోవడానికి కావలసిన కన్ను వేరు.

మోసం లేకుండా జోస్యం ఎలా ఫలిస్తుందో రే హైమన్ కథలో చూడండి. ఆయన కుర్రాడిగా ఉన్నప్పుడు చేతులు చూసి జాతకం చెప్పేవాడు, చెప్పింది సరిగ్గా ఉందని జనం ఆశ్చర్యపోతుంటే హస్తసాముద్రికం నిజమని తనే నమ్మేశాడు. ఒక స్నేహితుడు సలహా ఇచ్చాడు, ఈసారి గీతలు ఏం చెప్తున్నాయో దానికి పూర్తిగా వ్యతిరేకంగా చెప్పి చూడు అని. చెప్పాడు. జనం అంతే మెచ్చుకున్నారు, అచ్చుగుద్దినట్టు మా జీవితమే అన్నారు. గీతల్లో ఏమీ లేదు, విన్నవాళ్లే ఆ మాటలకి తమ జీవితంలోంచి అర్థం వెతికి తెచ్చుకున్నారు. హైమన్ తర్వాత సైకాలజీ ప్రొఫెసర్ అయ్యి, జీవితమంతా ఇలాంటి వాటినే పరీక్షించాడు.

ఇక కల నిజమవడం. ఇది మీలో కొందరికి జరిగే ఉంటుంది, ఆ ఒళ్లు జలదరింపు నిజమే, దాన్ని నేను తక్కువ చేయను. కానీ లెక్క చూడండి. ఒక కల ఏదో ఒక నిజ సంఘటనతో యాదృచ్ఛికంగా కలిసిపోయే అవకాశం పదివేల రాత్రుల్లో ఒక్కసారే అనుకుందాం. ఏడాదికి 365 రాత్రులు. అంటే ప్రతి వంద మందిలో ముగ్గురో నలుగురో ఏటా తెల్లారి లేచి, నాకు ముందే తెలిసింది అంటారు. పది లక్షల మంది ఉన్న చోట అది దాదాపు 36 వేల మంది. కలిసిరాని కలలని ఎవరూ చెప్పుకోరు, మర్చిపోతారు కూడా.

నాకు అసలు బాధ ఎక్కడంటే, పోయినవాళ్ల కోసం ఏడుస్తున్నవాళ్ల దగ్గర. 1922లో ప్రసిద్ధ రచయిత కానన్ డాయిల్ భార్య, చనిపోయిన మీ అమ్మ పంపుతున్న సందేశం అంటూ పేరున్న ఇంద్రజాలికుడు హుడినీకి పేజీలకి పేజీలు రాసిచ్చింది. ఇంగ్లీషులో రాసింది, పైన శిలువ గుర్తు వేసింది. హుడినీ తల్లికి ఇంగ్లీషు రాదు, ఆమె యూదు మతగురువు భార్య. డాయిల్ దంపతులు మోసగాళ్లు కారు, మనస్ఫూర్తిగా నమ్మారు. కానీ తల్లి మాట ఒక్కటైనా వినాలని ఆశపడ్డ కొడుకుకి దక్కిందేమిటి? అదే పని డబ్బు కోసం చేసేవాళ్లని నేను క్షమించలేను.

మరి నిజంగా ఎవరికైనా శక్తి ఉంటే ఎలా తెలుస్తుంది? 2011లో డారిల్ బెమ్ అనే పేరున్న సైకాలజిస్టు, మనుషులు భవిష్యత్తుని కొంచెం పసిగట్టగలరు అంటూ తొమ్మిది ప్రయోగాలతో పెద్ద జర్నల్‌లో వ్యాసం వేశాడు. వేరేవాళ్లు చేసి చూస్తే ఆ ఫలితాలు రాలేదు. తర్వాత నమ్మేవాళ్లూ నమ్మనివాళ్లూ కలిసి కూర్చుని, ఏ ఫలితం వస్తే ఏమని ఒప్పుకోవాలో ముందే రాసిపెట్టుకుని, ఆ తొమ్మిదిలో ఒక ప్రయోగాన్ని పెద్ద ఎత్తున చేశారు. రెండు తెరల్లో బొమ్మ దేని వెనక రాబోతుందో చెప్పాలి. ఊరికే చెప్పినా సగం సరిపోతాయి. 2023లో వేసిన ఫలితం: 49.89 శాతం. ఆ లెక్క కన్నా, రెండు పక్షాలూ ముందే సంతకం పెట్టినట్టు ఒప్పుకోవడమే నాకు ఎక్కువ నచ్చింది.

కాబట్టి మీకు తెలిసిన ఎవరైనా నాకు శక్తి ఉంది అంటే, దయచేసి నవ్వకండి. ఏం చేయగలరో వాళ్లతోనే కాగితం మీద రాయించండి, ఎన్నిసార్లలో ఎన్ని సరిపోతే గెలిచినట్టో అదీ రాయించండి. జవాబు తెలిసిన మనిషి ఆ గదిలో ఉండకూడదు, ముఖం చూసి పసిగట్టే వీలుంటుంది. కార్డులు కలిపేది వాళ్లు కాకూడదు, కవర్లు మూసేది వాళ్లు కాకూడదు. చేతివాటం తెలిసిన ఒక ఇంద్రజాలికుణ్ణి పక్కన కూర్చోబెట్టండి. మొదలుపెట్టే ముందే, ఈ ఏర్పాటు మీకు సమ్మతమేనా అని అడిగి ఆ జవాబు కూడా రాసుకోండి, ఎందుకంటే ఓడిపోయాక వచ్చే కారణాలకి అంతుండదు. ఇక మీ ప్రశ్నలు అడగండి, ముఖ్యంగా నాతో ఏకీభవించనివాళ్లు ముందు అడగండి.