హుక్‌లెస్ చక్రాలు కొనొచ్చా? ముందు గాలి లెక్క చూడండి

నమస్తే అండీ. ఈ రోడ్డు సైకిల్ చక్రాల జతను కంపెనీ వాళ్లు రివ్యూ కోసం పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో అయ్యాక ఇవి వెనక్కి వెళ్లిపోతాయి. బరువు, ధర, హబ్బు (చక్రం మధ్య భాగం) వివరాలు ఈపాటికి చూసే ఉంటారు, డిస్క్రిప్షన్‌లో కూడా పెట్టాం. హబ్బు బాగుంది. 50 ఎంఎం లోతు రిమ్ము పక్కగాలికి ఎంత లాగుతుందో ఇదీ అంతే లాగుతుంది. ఇక మాట్లాడేదంతా ఒక్కదాని గురించే: ఈ రిమ్ము అంచుకు కొక్కెం లేదు, హుక్‌లెస్ అంటే అదే.

దగ్గరగా చూపిస్తాను. మామూలు రిమ్ములో గోడ పైభాగం కొంచెం లోపలికి వంగి ఉంటుంది. గాలి కొట్టగానే టైరు బీడ్, అంటే దాని గట్టి అంచు, ఆ వంపు కింద ఇరుక్కుంటుంది. ఇందులో గోడ నిటారుగా ఉంది. టైరును పట్టి ఉంచేవి రెండే: బీడ్ సాగకపోవడం, రిమ్ము చుట్టుకొలత కచ్చితంగా ఉండటం. అందుకే వీటికి 5 బార్, అంటే 72.5 పీఎస్ఐ దాటి గాలి కొట్టకూడదని స్టాండర్డ్ చెబుతోంది. కొక్కెం లేకపోతే అచ్చు తీయడం తేలిక, అంచు మందంగా ఉండి గుంతలకు తట్టుకుంటుంది, కంపెనీకి ఖర్చూ తగ్గుతుంది. అవన్నీ నిజమే.

మరి వీటి మీద గొడవ ఎక్కడ మొదలైంది? 2024 ఫిబ్రవరి, యూఏఈ టూర్ సైకిల్ రేసు. బెల్జియం రైడర్ థామస్ డె గెంట్ ముందు టైరు రిమ్ము నుంచి ఊడిపోయి పడ్డాడు. జిప్ హుక్‌లెస్ రిమ్ము, విట్టోరియా టైరు. రాయికి తగిలిందన్నారు. ఆ వెంటనే రైడర్ల సంఘం సీపీఏ అధ్యక్షుడు ఆడమ్ హాన్సెన్ హుక్‌లెస్‌కు వ్యతిరేకమని తేల్చి చెప్పాడు, ప్రపంచ సైక్లింగ్ సంస్థ యూసీఐ పరిశీలిస్తామంది. అభిమానులు రెండు వర్గాలయ్యారు. ఆ వాదనలో చూడాల్సిన అంకె ఒకటుంది. డె గెంట్ రిమ్ము లోపలి వెడల్పు 25 ఎంఎం, టైరు 28 ఎంఎం. కొత్త స్టాండర్డ్ ప్రకారం 25 ఎంఎం రిమ్ముకు టైరు కనీసం 29 ఉండాలి. రెండు కంపెనీలూ 28 సరిపోతుందనే అన్నాయి. స్టాండర్డ్‌కూ కంపెనీ మాటకూ మధ్య ఒక్క ఎంఎం తేడా ఉంటే, దాని భారం మోసేది చక్రం మీద కూర్చున్నవాడే. నాకు కోపం తెప్పించేది ఇదే.

ఈ జతలోనూ లోపలి వెడల్పు 25. పెట్టె మీద పెద్ద అక్షరాలతో 28 టైరు బొమ్మ వేశారు. 72.5 పీఎస్ఐ హద్దు ఎక్కడుందో తెలుసా? వాల్వు రంధ్రం పక్కన, గోరంత స్టిక్కర్ మీద. టైరు ఎక్కించి సీలెంట్ (చిల్లులు మూసే ద్రవం) చిందితే ఆ స్టిక్కర్ కనిపించదు. రిమ్ము మీద 622x25 (వ్యాసం, లోపలి వెడల్పు) పక్కన టీఎస్‌ఎస్ అని ఉంటే నిటారు గోడ, టీసీ అని ఉంటే కొక్కెం ఉన్నది. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు ముందు ఈ అక్షరాలు వెతకండి.

ఇప్పుడు మన ఎండల లెక్క. పొద్దున 25 డిగ్రీల్లో 70 పీఎస్ఐ కొట్టారు. మే నెలలో బండి ఎండలో పెట్టారు, టైరులో గాలి 50 డిగ్రీలకు చేరింది. అప్పుడు పీడనం 77 దగ్గరికి వెళ్తుంది. అదే 60 కొడితే 66 దగ్గర ఆగుతుంది. 77 కాగానే టైరు ఊడిపోతుందని కాదు, తయారీలో కొంత మార్జిన్ ఉంటుంది. కానీ ఆ మార్జిన్ గుంతలకు, పాతబడిన బీడ్‌కు, పంపు మీటరు తప్పుకు కావాలి. మామూలు ఫ్లోర్ పంపు మీటరు 5 పీఎస్ఐ అటూఇటూ చూపించడం కొత్తేమీ కాదు. వేరే డిజిటల్ గేజ్ కొనండి, హుక్‌లెస్‌కు అది తప్పనిసరి ఖర్చు.

బిగించే విషయం. హుక్‌లెస్‌కు పనికొస్తుందని కంపెనీ రాసిన ట్యూబ్‌లెస్ టైరే వాడాలి. లోపల ట్యూబు వేసుకున్నా సరే, టైరు మాత్రం ఆ రకమే ఉండాలి. ట్యూబుతో వాడే పాత క్లించర్ టైరు ఎక్కిస్తే ఎక్కుతుంది, అదే ప్రమాదం. బీడ్‌ను రిమ్ము మధ్య గాడిలోకి తోసి చేత్తో ఎక్కించండి, ఇనుప లివర్లు వద్దు, బీడ్ దెబ్బతింటుంది. 30 ఎంఎం టైరుకు సీలెంట్ 30 నుంచి 40 మిల్లీలీటర్లు. అంచుకు సబ్బునీళ్లు రాసి గాలి కొడితే టప్ టప్‌మని కూర్చుంటుంది. కూర్చోకపోతే గాలి పెంచుకుంటూ పోవద్దు, అప్పుడూ హద్దు 72.5 పీఎస్ఐయే. గాలి తీసి, ఇరుక్కున్నచోట మళ్లీ సబ్బునీళ్లు రాయండి. టైరు పక్కన సన్నటి గీత ఉంటుంది, అది రిమ్ముకు చుట్టూ ఒకే దూరంలో ఉందో లేదో రెండు వైపులా చూడండి. మన వేడికి సీలెంట్ త్వరగా ఎండుతుంది, రెండు నెలలకోసారి తెరిచి చూసుకోండి.

"స్లొవేనియా రేసర్ పొగాచర్ ఇలాంటి వాటి మీదే గెలిచాడు కదా" అని కామెంట్లు వస్తాయి. నిజమే, 2024లో జిరో డి ఇటాలియా, టూర్ డి ఫ్రాన్స్ రెండూ ఎన్వీ కంపెనీ హుక్‌లెస్ చక్రాల మీదే గెలిచాడు. ఆయన బరువు 66 కిలోల చుట్టూ, టైరుకు రోజూ మెకానిక్ చెయ్యి పడుతుంది. మరోవైపు నెదర్లాండ్స్ రేసర్ వాన్ డెర్ పూల్ షిమానో కొక్కెం చక్రాల మీద 2023, 2024, 2025లో వరుసగా పారిస్-రూబే రేసు గెలిచాడు. 2025 రూబేలో పొగాచర్ మలుపు దగ్గర అంచనా తప్పి పడ్డాడు, దాన్ని రిమ్ముకు అంటగట్టడం అన్యాయం. గెలుపోటములను బట్టి రిమ్ము రకం తేల్చలేం.

నా తీర్పు. మీరు 70 కిలోల లోపు ఉండి, 30 లేదా 32 టైరు 55, 60 పీఎస్ఐతో నడిపేవాళ్లయితే ఈ చక్రాలు హాయిగా తీసుకోండి, పరుగు చాలా బాగుంది. 90 కిలోలు ఉండి 28 టైరే కావాలంటే వెనక చక్రానికి 70 చుట్టూ కొట్టాల్సి వస్తుంది. వాళ్లు వీటిని ముట్టుకోవద్దు, అదే ధరలో కొక్కెం ఉన్న రిమ్ము చూడండి. కంపెనీ పెట్టె మీద 28 బొమ్మ తీసేసి, గాలి హద్దు పెద్దగా ముద్రించేదాకా నేను దీన్ని అందరికీ సిఫారసు చెయ్యను. మీ రిమ్ము మీద టీఎస్‌ఎస్ ఉందా, టీసీ ఉందా, టైరు సైజు, మీ బరువు కింద రాయండి, గాలి ఎంత కొట్టాలో లెక్క చెప్తాను.