కౌంటరుకు ఇవతల నిలబడి
(దేవరకొండ ప్రాంతంలోని ఒక శాఖా గ్రంథాలయంలో చేసిన ప్రసంగ పాఠం)

గ్రంథాలయ పాఠకులకు, మహిళా సంఘాల అక్కచెల్లెళ్లకు, తండాల నుంచి పొద్దున్నే బయలుదేరి వచ్చిన పెద్దలకు నమస్కారం.

నేను ఒక మండల పరిషత్ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా చేరి, సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ని. అంటే పని చేసినన్నాళ్లూ కౌంటరుకు అవతల కూర్చున్నవాణ్ని. ఆపదలో ఉన్న మనిషికి మన ప్రాంతంలో ఏ సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పమని గ్రంథాలయం వారు అడిగారు. పథకాల పేర్లు వరసగా చదవడానికైతే పంచాయతీ గోడ మీది పోస్టరు చాలు, నేను రానక్కరలేదు. పథకం కాగితం మీద ఉండటానికీ, అది మనిషి చేతికి అందటానికీ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరంలో కొంత నావంటి వాళ్లు పెంచిందే కనుక దాని గురించే మాట్లాడతాను.

ఆసరా పింఛన్లు 2014 నవంబరులో మొదలయ్యాయి. ఆ మరుసటి ఏడు ఒక తండా నుంచి ముప్పై అయిదేళ్ల ఆడమనిషి మా కార్యాలయానికి వచ్చింది. చేతిలో పాలిథిన్ కవరు, అందులో ఆధార్ జిరాక్సు, రేషన్ కార్డు, భర్త పాస్‌పోర్టు సైజు ఫొటో ఉన్నాయి. గుంపు మేస్త్రి వెంట బొంబాయికి పోయిన భర్త అక్కడే సెంట్రింగ్ పని చేస్తూ చనిపోయాడు. వితంతు పింఛను కావాలన్నది. నేను కవరు చూసి, "మరణ ధ్రువపత్రం లేదు, తెచ్చుకో" అన్నాను. ఆమె తన ఊరి పంచాయతీ కార్యదర్శి దగ్గరికి పోయింది, ఆయన ఇవ్వలేనన్నాడు. మళ్లీ నా దగ్గరికి వచ్చింది, మళ్లీ అదే మాట చెప్పాను. మూడోసారి కూడా అంతే. మరణం ఏ ఊళ్లో జరిగితే ఆ ఊళ్లోనే నమోదు కావాలనీ, కనుక ఆ కాగితం బొంబాయి మునిసిపాలిటీయే ఇవ్వాలనీ నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు. చెప్పకూడదని కాదు, ఆమె అడగలేదు, నా వెనక ఇంకా నలభై దరఖాస్తులు ఉన్నాయి. చివరికి ఆ తండా కుర్రవాడొకడు మళ్లీ పనికి పోయినప్పుడు అక్కడి వార్డు ఆఫీసు చుట్టూ తిరిగి ఆ పత్రం సంపాదించాడు. అప్పటికి ఎనిమిది నెలలు గడిచాయి. అప్పట్లో పింఛను నెలకు వెయ్యి రూపాయలు, పోయిన నెలలకు బకాయి ఉండదు.

అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబంలో సంపాదించే మనిషి 18 నుంచి 59 ఏళ్ల లోపు చనిపోతే, కేంద్ర ప్రభుత్వ జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద ఆ కుటుంబానికి ఒకేసారి 20,000 రూపాయలు ఇస్తారు. దరఖాస్తు తహసీల్దారు కార్యాలయంలో పెట్టాలి. అది మా కార్యాలయానికి పక్క భవనమే. ఆ పథకం గురించి ఆమె అడగలేదు, అది మా శాఖ పని కాదు కనుక నేనూ చెప్పలేదు. ఆ డబ్బు ఆమెకు అందలేదు. మనం పింఛను గురించి మాట్లాడుకున్నంతగా ఈ పథకం గురించి ఏ రచ్చబండ దగ్గరా మాట్లాడుకోగా నేను వినలేదు. మీ ఊళ్లో సంపాదించే మనిషి పోయిన ఇల్లు ఏదైనా ఉంటే, దినవారాలు కాగానే ఈ దరఖాస్తు పెట్టించండి.

మరణం నమోదు సంగతి కూడా ఇక్కడే చెబుతాను. ఊళ్లో జరిగిన మరణాన్ని 21 రోజుల లోపల పంచాయతీ కార్యదర్శికి తెలియజేస్తే ఖర్చు లేకుండా పత్రం వస్తుంది. ఏడాది దాటితే ఆర్డీవో ఉత్తర్వు దాకా వెళ్లాలి. దుఃఖంలో ఉన్న ఇంటివాళ్లకు ఇది గుర్తుండదు కనుక, పక్కింటివాళ్లే పోయి రాయించడం మేలు. పింఛను తీసుకుంటున్న భర్త చనిపోతే దాన్ని భార్య పేరిట మార్చటానికీ ఆ పత్రమే ఆధారం. కొత్త పింఛను మంజూరుకు ఏళ్ల తరబడి ఎదురుచూడవలసి వస్తున్నది గానీ, ఈ మార్పు దాని కిందికి రాదు, వేరుగా అడగాలి.

పింఛను మొత్తం 2019 నుంచి వృద్ధులకు, వితంతువులకు 2,016 రూపాయలు, వికలాంగులకు 2023 నుంచి 4,016 రూపాయలు. చేనేత, గీత, బీడీ కార్మికులు, ఒంటరి మహిళలు, బోదకాలు ఉన్నవారు, డయాలసిస్ చేయించుకునేవారు కూడా ఇందులో ఉన్నారు. వృద్ధులకు వయసు 57 నిండాలి. చిక్కంతా ఇక్కడే వస్తుంది. ఆధార్ తీసిన రోజుల్లో పుట్టిన తేదీ తెలియని వాళ్లకు సుమారుగా ఒక సంవత్సరం వేసి, జనవరి ఒకటి అని రాశారు. మన తండాల్లో ముసలివాళ్లందరూ జనవరి ఒకటినే పుట్టారంటే నవ్వు వస్తుంది గానీ, ఆ సుమారు లెక్కలో పదేళ్లు తగ్గిన అవ్వకు నవ్వు రాదు. ఓటరు జాబితాలో ఒక వయసు, ఆధార్‌లో ఇంకొక వయసు ఉంటే, దరఖాస్తు పెట్టకముందే సరిచేయించుకోవాలి. తిరస్కరించాక దిద్దించుకోవటం రెట్టింపు పని.

ఇక మన నల్లగొండ జిల్లాను బాగా పీడించిన విషయం ఫ్లోరోసిస్, అంటే తాగే నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువై ఎముకలు వంగిపోయే జబ్బు. నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తగ్గించే ఒక పద్ధతికి ప్రపంచమంతటా శాస్త్ర గ్రంథాల్లో 'నల్గొండ టెక్నిక్' అని పేరు. మన జిల్లా పేరు అలా పుస్తకాలకెక్కడం గర్వించదగినదో కాదో నేను తేల్చుకోలేకపోయాను. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. అంతకు ఎన్నో రెట్లు ఉన్న బోరు నీళ్లు మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు రెండు మూడు తరాలు తాగాయి. మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు ఇళ్లకు వచ్చాయి, కానీ అప్పటికే వంగిన ఎముకలు ఏ నీళ్లు తాగినా తిన్నగా కావు. అటువంటివారికి వైకల్య ధ్రువపత్రం కావాలి, మనం సదరం పత్రం అని పిలుస్తూ వచ్చినది. మీసేవలో స్లాటు నమోదు చేసుకుని, ఆ రోజున ఆస్పత్రి శిబిరానికి వెళితే డాక్టర్లు పరీక్షించి వైకల్య శాతం నిర్ణయిస్తారు. సాధారణంగా 40 శాతం ఉండాలి. నడుము పట్టేసిన మనిషిని యాభై అరవై కిలోమీటర్లు ఆటోలోనూ బస్సులోనూ తీసుకుపోయి, 38 శాతమని వెనక్కి తెచ్చిన కొడుకులను నేను చూశాను. శాతం తక్కువ వచ్చిందనిపిస్తే మళ్లీ పరీక్ష కోరవచ్చు. పాత ఎక్స్‌రేలు, చీటీలు పారేయకుండా వెంట తీసుకుపోండి.

వైద్యం మాట వచ్చింది కనుక ఆరోగ్యశ్రీ గురించి ఒక్క ముక్క. ఆ పథకం 2007 ఏప్రిల్‌లో మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో మన పక్క పాలమూరు ఒకటి. ఇప్పుడు కుటుంబానికి ఏడాదికి పది లక్షల రూపాయల వరకు వర్తిస్తుంది. ఆస్పత్రిలో అడుగు పెట్టగానే డబ్బు కట్టే కిటికీ దగ్గరికి కాకుండా ఈ పథకం పని చూసే ఆరోగ్యమిత్ర బల్ల దగ్గరికి వెళ్లండి.

నేను ఎక్కువసేపు చెప్పదలచుకున్నది ముసలి తల్లిదండ్రుల గురించి. నాలుగెకరాల పొలం కొడుకుల పేర రాసిచ్చి, నెలకొక ఇంట్లో తింటున్న తండ్రులు మీ ఊళ్లలో ఎందరున్నారో మీకే తెలుసు. 'వంతు' అనే మంచి మాట మన ఇళ్లలో ఎంత చేదుగా మారిందో కూడా తెలుసు. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పిల్లలు చూడకపోతే ఆర్డీవో అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌కు తెల్లకాగితం మీద అర్జీ పెట్టుకోవచ్చు. వకీలును పెట్టుకోనవసరం లేదు. వెళ్లలేని స్థితిలో ఉంటే ఇంకొకరికి అధికారమిచ్చి పంపవచ్చు. నెలకు పదివేల వరకు పోషణ ఖర్చు ఇప్పించవచ్చు. మంజూరైన మొత్తం కట్టకపోతే జైలుశిక్ష కూడా ఉంది. ఈ చట్టంలోని 23వ సెక్షను మరీ ముఖ్యం. నన్ను చూసుకోవాలనే షరతుతో ఆస్తి రాసిచ్చి, ఆ తర్వాత చూడకపోతే, ఆ దస్తావేజును రద్దు చేయమని అడగవచ్చు. అందుకని గిఫ్టు డీడు రాయించేటప్పుడే, పోషణ షరతును అందులో ఒక వాక్యంగా రాయించండి. దస్తావేజు లేఖరి "అది ఎందుకు బాబాయ్, కొడుకులే కదా" అంటాడు. అయినా రాయించండి. కొడుకు మీద కోర్టుకెక్కడం పరువు తక్కువనుకునే తల్లులకు నేనేం చెప్పగలను? 14567 అనే ఉచిత నంబరుకు ఫోను చేస్తే, కేసు దాకా పోకుండా మాట్లాడి సర్దే ప్రయత్నం ముందు చేస్తారని మాత్రం చెబుతాను.

వకీలు అవసరమైన చోట కూడా డబ్బు లేదని ఆగనక్కరలేదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. కోర్టు ఆవరణలోనే మండల న్యాయ సేవా కమిటీ ఉంటుంది, ఫోను నంబరు 15100. ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడవాళ్లకు 181, జిల్లా కేంద్రంలోని సఖి కేంద్రం. అక్కడ వైద్యం, సలహా, కొద్ది రోజుల వసతి ఒకేచోట దొరుకుతాయి. పిల్లలకు 1098. మనసు బాగా కుంగినవారికి 14416.

వలస పోయేవారికి రెండు మాటలు. ఆహార భద్రతా చట్టం కింద ఇచ్చిన రేషన్ కార్డు ఉంటే పుణెలోనైనా బొంబాయిలోనైనా మీ వేలిముద్రతో అక్కడి దుకాణంలోనే బియ్యం తీసుకోవచ్చు. కార్డు ఊళ్లో అవ్వ దగ్గర ఉన్నా సరే, నంబరు తెలిస్తే చాలు. భవన నిర్మాణ పనిలో ఏడాదిలో 90 రోజులు చేసినవారు కార్మిక శాఖలో పేరు నమోదు చేయించుకోవచ్చు. పని స్థలంలో ప్రమాదం జరిగితే, యజమాని ఎక్కడివాడైనా, నష్టపరిహారం దావా మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. నేను మొదట చెప్పిన ఆ తండా ఆమెకు ఈ సంగతి కూడా ఎవరూ చెప్పలేదు.

అడగవలసిన పద్ధతి ఒకటుంది. కౌంటరు దగ్గర నోటిమాటతో అడిగితే నోటిమాటతోనే జవాబు వస్తుంది, దానికి తేదీ ఉండదు, సాక్షి ఉండదు. అర్జీ రెండు ప్రతులు రాయండి, ఒకదాని మీద ముద్ర, సంతకం, తేదీ వేయించుకోండి. తీసుకోనంటే సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజావాణిలో ఇవ్వండి, అక్కడ రసీదు ఇస్తారు. కాగితాలు చాలవంటే "ఇంకా ఏం కావాలి, ఎవరిస్తారు, ఏ ఊళ్లో ఇస్తారు" అని మూడు ప్రశ్నలూ అడగండి. మూడో ప్రశ్న ఆనాడు ఆమె తరఫున ఎవరైనా అడిగి ఉంటే నేను జవాబు చెప్పక తప్పేది కాదు. అందుకే చదువు వచ్చిన ఒకరు వెంట ఉండాలి. సంఘబంధం (ఊళ్లోని మహిళా సంఘాల సమాఖ్య) అక్కలు వారానికొక పూట ఆ పని పెట్టుకుంటే మండలాఫీసు వాళ్లకు కొంచెం చికాకుగా ఉంటుంది. ఉండనివ్వండి.

నేను తెల్లకాగితాల కట్ట, కార్బన్ పేపరు, ఇంకుప్యాడు తెచ్చాను. ఆ కిటికీ పక్కన పత్రికల బల్ల దగ్గర సాయంత్రం అయిదింటి దాకా కూర్చుంటాను. కవర్లు తెచ్చుకున్నవారు రండి, ముందు నడవలేనివారిని రానివ్వండి.